ఆ రోజు ఇంకో ఫ్లైట్ ఉందా? హైదరాబాద్ నుంచి దగ్గరి ఊళ్లకి టికెట్ కొనేముందు

సాయంత్రం ఆరుంబావుకి ఫ్లైట్. నాలుగింటికి ఆ చిన్న ఎయిర్‌పోర్టు గేటు దగ్గర ఆటో దిగి చిల్లర లెక్కపెట్టుకుంటుంటే ఫోన్‌లో మెసేజ్ మోగింది. ఫ్లైట్ రద్దయింది, అసౌకర్యానికి చింతిస్తున్నాం అని. కౌంటర్‌లో కుర్రాడు పాపం మర్యాదగానే చెప్పాడు: "తర్వాతి ఫ్లైట్ ఎల్లుండి సార్." మర్నాడు పొద్దున తొమ్మిదింటికి మా మేనమామ కూతురి నిశ్చితార్థం. అదే ఆటో పట్టుకుని బస్టాండుకి పరిగెత్తితే ప్రైవేటు బస్సులో ఆఖరి వరస సీటు దొరికింది, అదీ చక్రం మీద. ఎల్బీనగర్‌లో దిగేసరికి తాంబూలాలు మార్చుకోవడం అయిపోయింది. ఫోటోల్లో నేను లేను.

టికెట్ డబ్బులు వెనక్కి వచ్చాయి, ఆ మాట కాదనను. అప్పట్నుంచి చిన్న ఊళ్లకి ఫ్లైట్ చూసేటప్పుడు రేటు కంటే ముందు నేను చూసేది ఒక్కటే. ఇది ఎగరకపోతే ఆ రోజు దీని తర్వాత ఇంకోటి ఉందా? ఉంటే ధైర్యంగా కొంటాను. లేకపోతే రెండోసారి ఆలోచిస్తాను.

శంషాబాద్ నుంచి దగ్గరి ఊళ్లకి ఎగిరేవాటిని స్థూలంగా రెండు రకాలు అనుకోవచ్చు. ఒకటి, పెద్ద సంస్థలు నడిపేవి. ఇండిగోనే తీసుకోండి. వైజాగ్ లాంటి చోటికి 180 మంది పట్టే ఎయిర్‌బస్‌లు తిప్పుతుంది, చిన్న రన్‌వేలున్న ఊళ్లకి 78 సీట్ల ఏటీఆర్‌లు, అంటే రెక్కలకి ఫ్యాన్లుండే చిన్న విమానాలు, నడుపుతుంది. ఈ ఏటీఆర్‌లని 2017 డిసెంబరులో మొదలుపెట్టింది హైదరాబాద్ నుంచే. రెండోది, చిన్న ఊళ్లనే నమ్ముకున్న ప్రాంతీయ సంస్థలు. ఎయిరిండియా టాటాల చేతికి వెళ్లాక కూడా ప్రభుత్వం దగ్గరే మిగిలిన అలయన్స్ ఎయిర్, బెంగళూరు కేంద్రంగా 2019 నుంచి చిన్న జెట్‌లు నడుపుతున్న స్టార్ ఎయిర్, గోవా నుంచి 2024 మార్చిలో ఎగరడం మొదలుపెట్టిన ఫ్లై91 ఈ కోవలోవి. ఇవి ఏ ఊరికి నడుస్తాయన్నది సీజన్‌కోసారి మారిపోతుంటుంది. పోయినసారి ఉందికదా అని ఈసారీ ఉంటుందనుకోకూడదు. కొనేరోజు చూసుకోవాల్సిందే.

మారిపోవడం మాట వచ్చింది కాబట్టి మన సొంత కథ ఒకటి. విజయవాడ కేంద్రంగా ఎయిర్ కోస్టా 2013లో వచ్చింది, 2017లో ఆగిపోయింది. హైదరాబాద్ నుంచి 2015 జులైలో ట్రూజెట్ మొదలైంది. రామ్ చరణ్ ప్రచారం చేసిన సంస్థ కదా, చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకి చవగ్గా ఫ్లైట్లు నడిపించే కేంద్ర ప్రభుత్వ పథకం ఉడాన్ కింద ప్రధాని సిమ్లాలో జెండా ఊపిన తొలి సర్వీసుల్లో కడప-హైదరాబాద్, నాందేడ్-హైదరాబాద్ ఫ్లైట్లు కూడా ఉన్నాయి. ఆ రెండూ ట్రూజెట్‌వే. 2022 ఫిబ్రవరిలో అదీ ఆగిపోయింది.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే టికెట్ కొనడం సులువవుతుంది. ఉడాన్ రూట్లో సగం సీట్ల దాకా ప్రభుత్వం చెప్పిన రేటుకే అమ్మాలి. మొదట్లో గంట ప్రయాణానికి 2,500 రూపాయలు అన్నారు. ఆ రేటుకి అమ్మితే వచ్చే నష్టాన్ని ప్రభుత్వం పూడుస్తుంది, కానీ మూడేళ్లే. మూడేళ్లయ్యాక సంస్థ తన కాళ్ల మీద తాను నిలబడాలి. అప్పటికి జనం అలవాటు పడితే ఫ్లైట్ ఉంటుంది, లేకపోతే షెడ్యూల్‌లోంచి చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. అందుకే రోజుకొకటో, వారానికి మూడో నడిచే రూట్లో నాలుగు నెలల ముందు టికెట్ కొనడం నాకు నచ్చదు. మూడు నాలుగు వారాల ముందు చాలు. కొన్నా యాప్ వాలెట్‌లో డబ్బు ఇరుక్కోకుండా క్రెడిట్ కార్డుతో కొనండి. గొడవొస్తే బ్యాంకుని అడగడానికి ఒక దారి ఉంటుంది.

అయితే సంస్థ పెద్దదైతే చాలు, ఇక టెన్షన్ లేదనీ కాదు. 2025 డిసెంబరు మొదటి వారంలో పైలట్ల డ్యూటీ వేళల కొత్త నిబంధనలకి సిద్ధపడక ఇండిగో వేలాది ఫ్లైట్లు రద్దు చేసింది. ఎయిర్‌పోర్టుల్లో సూట్‌కేసులు గుట్టలు పడ్డ ఆ ఫోటోలు అందరం చూశాం. తేడా ఎక్కడంటే, మామూలు రోజున ఒక విమానం మొరాయిస్తే పెద్ద సంస్థ దగ్గర ఇంకోటి ఉంటుంది, అదే ఊరికి సాయంత్రం మరో సర్వీసూ ఉంటుంది. చిన్న సంస్థలో పొద్దున బయల్దేరిన ఒక్క ఏటీఆర్ సాయంత్రం దాకా ఆరేడు ఊళ్లు తిరుగుతుంది. రెండో ఊళ్లో ఇరవై నిమిషాలు, నాలుగో ఊళ్లో అరగంట పోతే, ఆఖరి ఊరివాళ్లు గంటన్నర కూర్చోవాలి. ఆలస్యం అప్పు లాంటిది, పోనుపోను వడ్డీతో పెరుగుతుంది. కాబట్టి వీలైతే ఆ విమానం మొదటి ట్రిప్పో రెండో ట్రిప్పో పట్టుకోండి.

దీనికి ఒక మినహాయింపు. డిసెంబరు, జనవరిలో గన్నవరంలో పొద్దున్నే పొగమంచు పడుతుంది. రాజమండ్రి వైపూ అంతే. ఆ రెండు నెలలు ఏడింటి ఫ్లైట్ కన్నా పది, పదకొండింటిది మేలు. సంక్రాంతికి వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇది.

ఇక ఊరూరూ చూద్దాం. ఇంటి గుమ్మం నుంచి గుమ్మం దాకా లెక్కేస్తేనే నిజం తెలుస్తుంది. గాల్లో ఉండేది గంటే కావచ్చు, దాని చుట్టూ నాలుగు గంటలుంటాయి.

విజయవాడ. నేనుండేది నిజాంపేటలో. ఔటర్ మీదుగా శంషాబాద్ గంట. మెట్రో అక్కడి దాకా రాలేదు కాబట్టి పుష్పక్ బస్సో క్యాబో తప్పదు. గంటన్నర ముందు అక్కడుండాలి. గాల్లో గంట. దిగి, బ్యాగు తీసుకుని బయటపడేసరికి ఇంకో అరగంట. గన్నవరం నుంచి బెంజి సర్కిల్‌కి ముప్పావుగంట. కూడితే దాదాపు ఐదు గంటలు. ఇంట్లోంచి ఎల్బీనగర్ దాటడానికే నాకు గంటన్నర పడుతుంది కాబట్టి, బస్సులో మొత్తం ఆరున్నర. మిగిలేది గంటన్నర, దానికి పెట్టేది రెండు మూడు వేలు ఎక్కువ. అదే వనస్థలిపురంలో ఉండేవాళ్లకైతే బస్సు ఇంటి ముందుకే వస్తున్నట్టు. వాళ్లు విజయవాడకి ఫ్లైట్ ఎక్కడం అంటే ఎదురింటికి వెళ్లడానికి ఊరు చుట్టి రావడమే. శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఉంది, నిమిషాల తేడాతో బస్సులున్నాయి. రాజేంద్రనగర్, గచ్చిబౌలి వైపువాళ్లు, అదీ చేతిసంచితోనే వెళ్లేవాళ్లు మాత్రం ఫ్లైట్ ఆలోచించవచ్చు.

వైజాగ్‌కి పెద్దగా చర్చ అక్కర్లేదు. జెట్‌లే ఎక్కువ, రోజులో చాలాసార్లు ఉంటాయి. ఒకటి పోతే ఇంకోటి. వందే భారత్‌లో ఎనిమిదిన్నర గంటలు. ముందుగా కొంటే ఫ్లైట్, ఆఖరి నిమిషంలో రైలు. అంతే.

తిరుపతి దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అక్కడికి వెళ్లేవాళ్లలో ఎక్కువమందికి ముందే ఒక ముహూర్తం ఉంటుంది. మూడు వందల రూపాయల దర్శనం టికెట్ నెలల ముందు దొరుకుతుంది, దాని మీద తేదీ, టైము రాసి ఉంటాయి. ఫ్లైట్ గంటంబావు. దిగేది రేణిగుంటలో. అక్కడి నుంచి అలిపిరి తనిఖీ దాటి, ఘాట్ ఎక్కి కొండ మీదికి చేరడానికి గంటన్నర పెట్టుకోండి. ఇంటి నుంచి కొండకి మొత్తం ఆరు గంటలు. సికింద్రాబాద్‌లో పొద్దున్నే ఎక్కే వందే భారత్ తిరుపతి స్టేషన్‌కి ఎనిమిదిన్నర గంటలు తీసుకుంటుంది, పైన కొండ ప్రయాణం మామూలే. నారాయణాద్రి లాంటి రాత్రి రైలు పన్నెండు గంటలు పైనే. కానీ ఆ పన్నెండులో ఎనిమిది గంటలు నిద్రపోతాం, హోటల్ ఖర్చు మిగులుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పని, మధ్యాహ్నం మూడింటి దర్శనానికి అదే రోజు పొద్దున ఫ్లైట్ కొనడం. నేను చేయను. ఫ్లైట్ రెండు గంటలు లేటైతే కొండ మీద పరుగులు పెట్టాలి, రద్దయితే ఆ తేదీ మళ్లీ రాదు. వెళ్లేటప్పుడు ముందు రోజు రాత్రి రైలు, వచ్చేటప్పుడు ఫ్లైట్. దర్శనమయ్యాక లేటైనా పోయేదేం లేదు, లడ్డూ సంచి ఒళ్లో పెట్టుకుని రేణిగుంటలో కూర్చోవచ్చు.

రాజమండ్రి విషయంలో నా ఓటు ఫ్లైట్‌కే. మా అమ్మ రావులపాలెంలో ఉంటుంది. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రి అంటే రాత్రంతా, పైగా తెల్లవారుజామున కునుకు పట్టాక దిగాలి. మధురపూడి ఎయిర్‌పోర్టు ఊరికి దగ్గరే, అక్కడ బయటపడటానికి పది నిమిషాలు చాలు. అమలాపురం, కొత్తపేట వైపు వెళ్లేవాళ్లకి ఎలాగూ రైలు లేదు కాబట్టి, రాజమండ్రిలో పగలు దిగితే మిగతా దారి సుఖం. సంక్రాంతికి మాత్రం ఈ లెక్కలన్నీ తల్లకిందులవుతాయి. భోగి ముందు మూడు రోజులు ఫ్లైట్ రేటు, ప్రైవేటు బస్సు రేటు రెండూ పోటీపడి పెరుగుతాయి. ఆ రోజుల్లో కన్ఫర్మ్ అయిన రైలు టికెట్ ఉన్నవాడే రాజు.

కడప, నాందేడ్ లాంటివి అసలైన చిన్న ఫ్లైట్ ఊళ్లు. రోజుకొకటో, వారంలో కొన్ని రోజులో ఉంటాయి. ఉన్నప్పుడు వరమే. పొద్దుటూరు నుంచి హైదరాబాద్ ఆసుపత్రికి పెద్దవాళ్లని తీసుకొచ్చేవాళ్లని అడగండి, రాత్రంతా బస్సుకీ గంట ఫ్లైట్‌కీ తేడా చెప్తారు. కానీ డాక్టర్ అపాయింట్‌మెంట్ రోజునే దిగేలా కొనకండి. ఒక రోజు ముందు రండి.

ఇంతకీ ఏటీఆర్ ఎలా ఉంటుంది? మొదటిసారి అమ్మని ఎక్కించినప్పుడు రన్‌వే బస్సు దిగి, పైకి చూసి, "ఇదేంట్రా, ఫ్యాన్ల విమానం? మనకి డబ్బులు చాల్లేదా?" అంది. రెక్కలు పైన ఉంటాయి, రెక్కకొక ఇంజిను, దానికి ఆరు రెక్కల ఫ్యాను. పాతకాలందేం కాదు. దగ్గరి దూరాలకి నూనె తక్కువ తాగుతుందని, చిన్న రన్‌వే చాలని కావాలనే ఇలా చేస్తారు. వేగం గంటకి ఐదు వందల కిలోమీటర్లు. జెట్ అంత ఎత్తుకి వెళ్లదు, అందుకే ఎండాకాలం మధ్యాహ్నాలూ వానాకాలమూ కాస్త కుదుపులు ఎక్కువ. కడుపులో తిప్పేవాళ్లు ఉదయం ఫ్లైట్ చూసుకోవాలి. స్టార్ ఎయిర్ వాడేవి ఎంబ్రేయర్ జెట్‌లు. వాటిలో ఈ మోత, ఈ కుదుపు తక్కువ.

సీట్లు రెండూ రెండు, మధ్య సీటు గోల లేదు. ఎక్కేది, దిగేది వెనక తలుపులోంచి. ఇది తెలియక ముందు వరసకి డబ్బు కట్టి సీటు తీసుకునేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. అందరికన్నా ఆఖర్న దిగేది వాళ్లే. పైగా ఫ్యాన్లకి సమానంగా ఉండే వరసల్లో మోత ఎక్కువ. వెనక నాలుగు వరసలు తీసుకోండి, చప్పుడు తక్కువ, ముందే దిగొచ్చు. రెక్క పైనుంది కాబట్టి కిటికీలోంచి నేల బాగా కనిపిస్తుంది. తిరుపతి వెళ్తుంటే, ఆకాశం తేటగా ఉంటే, శ్రీశైలం వైపు కృష్ణ నీళ్లు, దాని చుట్టూ నల్లమల మడతలు మడతలుగా కనిపిస్తాయి. ఎయిర్‌బస్‌లో ఆ ఎత్తునుంచి అంత వివరంగా కనిపించవు. సగం ఖాళీగా ఉన్నా ఇష్టమొచ్చిన సీట్లోకి మారకండి. బరువు ముందూ వెనకా సరిచూసుకునే సీట్లిస్తారు, సిబ్బందిని అడిగి మారాలి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఒక మంచి, ఒక చెడు. మంచి ఏమిటంటే మెట్లు ఐదారే. చెడు ఏమిటంటే టెర్మినల్ నుంచి నేరుగా విమానంలోకి నడిచే ఏరోబ్రిడ్జి ఉండదు, బస్సు ఎక్కిదిగడం తప్పదు. వీల్‌చైర్ కావాలంటే రెండు రోజుల ముందే చెప్పి పెట్టుకోండి. చిన్న ఎయిర్‌పోర్టులో ఉండేవే నాలుగైదు.

లగేజీ దగ్గర జనం ఎక్కువ దెబ్బతింటారు. సాధారణంగా చేతిసంచి 7 కిలోలు, చెకిన్ 15 కిలోలు. కానీ ఏటీఆర్‌లో తలపైన అర చిన్నది. ఎయిర్‌బస్‌లో హాయిగా పట్టే చక్రాల పెట్టె ఇక్కడ పట్టదు. మెట్ల దగ్గరే ట్యాగు కట్టి కింద వేయించుకుంటారు. మందులు, ల్యాప్‌టాప్, నగలు అందులో ఉంటే అప్పుడు గుంపు మధ్యలో పెట్టె విప్పి తీసుకోవాలి. భుజానికి వేలాడే మెత్తటి సంచి తెచ్చుకుంటే ఆ బాధ లేదు. ఆవకాయ, నెయ్యి చెకిన్‌లోనే, అదీ డబ్బా మూతకి టేపు వేసి. ఎండుకొబ్బరి చిప్పలు దేంట్లోనూ పెట్టకండి, మండే గుణం ఉందని తీయించేస్తారు. మా అమ్మ రెండు కిలోల కుడకలు అలాగే మధురపూడిలో వదిలేసింది, ఇప్పటికీ చెప్పుకుంటుంది.

డబ్బు, హక్కుల సంగతి. తెర మీద మొదట కనిపించే రేటుని నమ్మకండి. సీటుకి, భోజనానికి, అదనపు లగేజీకి, ఆఖర్న కన్వీనియెన్స్ ఫీజుకి అన్నిటికీ కట్టాక వచ్చేదే రేటు. దానికి శంషాబాద్ క్యాబ్ కలపండి, అప్పుడు రైలు ఏసీతో పోల్చండి. రద్దయితే, విమాన సంస్థల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధన ఇలా ఉంది: సంస్థ తప్పు వల్ల, ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే టికెట్ డబ్బు లేదా ఇంకో ఫ్లైట్ ఇవ్వాలి, దాంతోపాటు పరిహారం కూడా. గంటలోపు ప్రయాణానికి 5,000, గంట నుంచి రెండు గంటలకి 7,500. వినడానికి బాగుంది కానీ, "ఈ మొత్తం లేదా బేసిక్ చార్జీ, ఇంధన చార్జీ కలిపిన మొత్తం, రెండింటిలో ఏది తక్కువైతే అది" అని ఉంటుంది. ఆ రెండు చార్జీలూ కలిపి రెండు వేలున్న టికెట్‌కి వచ్చేది రెండు వేలే. వాతావరణం కారణమైతే పరిహారం అసలే లేదు. రెండున్నర గంటల్లోపు ప్రయాణాలకి రెండు గంటలు లేటైతే తిండి, నీళ్లు అడగొచ్చు. ఆరు గంటలు దాటితే పూర్తి డబ్బు వాపసు అడగొచ్చు. కౌంటర్‌లో అడిగి రాయించుకోండి, మాట వినకపోతే ప్రభుత్వ ఎయిర్‌సేవ యాప్‌లో ఫిర్యాదు పెట్టండి. మీరే రద్దు చేసుకున్నా ఎయిర్‌పోర్టు ఫీజులు వెనక్కి రావాలి. అడగనివాళ్లకి అవి అలా పోతూనే ఉంటాయి.

చిన్న ఊరి నుంచి హైదరాబాద్ వచ్చి దుబాయో ఢిల్లీయో పట్టుకునేవాళ్లు మరీ జాగ్రత్త. రెండూ ఒకే టికెట్ మీద ఉంటే మొదటిది లేటైతే రెండోదాని బాధ్యత వాళ్లది. వేర్వేరు సంస్థల్లో విడివిడిగా కొంటే మొదటిది లేటవడం మీ తలనొప్పి, బ్యాగు కూడా మీరే బయటికి తెచ్చి మళ్లీ వేయాలి. దేశంలోకైతే మధ్యలో నాలుగు గంటలు వదలండి. విదేశానికైతే ముందు రోజే వచ్చేయండి, శంషాబాద్ దగ్గర హోటల్ గది ఆ టికెట్ కంటే చవక.

కొనేముందు నేను చేసే చిన్న పని ఒకటి చెప్తాను. విమానాలు ఎక్కడున్నాయో చూపించే ఫ్లైట్‌రాడార్24లో ఆ ఫ్లైట్ నంబరు కొడితే గడిచిన వారం రోజుల చరిత్ర ఉచితంగా కనిపిస్తుంది. ఏడు రోజుల్లో నాలుగు రోజులు గంట లేటంటే మీ రోజూ లేటే. ప్రయాణం రోజున కూడా, మీ విమానం ఇంకా ఏ ఊళ్లో ఉందో చూసుకుని ఇంట్లోంచి బయల్దేరచ్చు. అలాగని చెకిన్ టైము మాత్రం తప్పకూడదు. విమానం లేటైనా కౌంటర్ టైముకే మూసేస్తారు.

ఈ సంక్రాంతికి కూడా నాది ఇదే పద్ధతి. రావులపాలెం వెళ్లేటప్పుడు పదకొండింటి ఫ్లైట్. అది రెండు గంటలు లేటైనా అమ్మ అన్నం మూతపెట్టి ఉంచుతుంది. కనుమ తర్వాత సోమవారం ఆఫీసు, తొమ్మిదింటికి మీటింగ్ ఉంది. తిరుగు ప్రయాణం ఆదివారం రాత్రి గౌతమిలో, కింది బెర్తు. ఆ రైలు టికెట్ కోసం అరవై రోజుల ముందు పొద్దున ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చుంటాను.